తోడేలు నోరు పడినవాడు

ఆదిలక్ష్మమ్మ మాట ఎత్తితే మా ఊళ్లో ఎవరైనా ముందు ఆమె ధైర్యం గురించే చెబుతారు. నేను చెప్పను. ధైర్యం ఉన్న మాట నిజమే. ఆ ధైర్యం పక్కన నిలబడ్డవాళ్లకు ఏం జరిగిందో మాత్రం నేను కళ్లారా చూశాను.

నా పేరు దేవకుమారి. ఈ ఊరి ఆశా కార్యకర్తను. పెద్దముడియం దాటి కుందూ వైపు పోతే మా ఊరు. గర్భిణులకు బీపీ చూపించడం, పసిపిల్లలకు టీకాలు వేయించడం, జ్వరాలకు మాత్రలివ్వడం నా పని. మేము చర్చి పేటవాళ్లం. మా పేట మనిషిని ఆదిలక్ష్మమ్మ వసారా దాటి లోపలికి రానివ్వదు. కూతురు సుధ కడుపుతో ఉంది కాబట్టి నన్ను వసారాలో కూర్చోనిచ్చేది. అదే మహా దయ అన్నట్టు మొహం పెట్టేది. నాకు ఒళ్లు మండేది, అయినా సుధ కోసం పోయేదాన్ని.

ఆమెది గొర్రెల కాపరుల ఇల్లు. మా నల్లరేగడి చేలకు అవతల గుట్టలు, వంకలు, కంపచెట్లు. ఆ వంకల్లో తోడేళ్లు కాపురం ఉంటాయి. ఎవరి మంద మీద తోడేలు పడినా ఆదిలక్ష్మమ్మకే కబురు వచ్చేది. తోడేలును చంపడం నేరమనీ, ఫారెస్టు వాళ్లకు తెలిస్తే జైలనీ నేనొకసారి చెప్పాను.

"మా గొర్రెను తిన్న తోడేలును జైల్లో యాల ఎయ్యరు మే?" అని నా మీదికే వచ్చింది.

కొత్త కోడలిగా మా ఊరికి వచ్చిన రోజుల్లో మంద మీద తోడేలు పడితే, మొగుడు సంజీవయ్య భయపడి చెట్టెక్కాడట. ఈమె గొడ్డలి పట్టుకుని ఎదురెళ్లి తోడేలును నరికింది. అక్కడి నుంచి ఆమెకు పేరు వచ్చింది. సంజీవయ్య బతికినన్నాళ్లూ ఆ చెట్టెక్కిన కథ చెప్పి నవ్వేది. పదిమందిలో చెప్పేది, భోజనాల దగ్గర చెప్పేది, కన్నబిడ్డ ముందు చెప్పేది. ఆ మనిషి తల వంచుకుని తినేవాడు. అట్లా తల వంచుకునే పోయాడు.

తోడేళ్ల వేట నేర్చుకోవాలని చుట్టుపక్కల పల్లెల నుంచి కొత్త కాపరులు ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు. ఇంటి ముందు కంచె పక్కన వాళ్లను కూర్చోబెట్టి పాఠం చెప్పేది. సుధకు బీపీ చూస్తూ ఆ పాఠాలన్నీ నేనూ విన్నాను.

"తోడేలును ఎతకాకండప్పా, గొర్రెల్ని చూడండి. మందలో కుంటేది యాది, దగ్గేది యాది, పిల్ల కోసరం ఎనక్కి తిరిగేది యాది. మీరు చూసేలోపల అది చూసి పెట్టుకోనుంటాది. ఆ గొర్రె పక్కన కాపెయ్యండి. అదే మీ కాడికి వస్తాది."

"అడుగు కుక్కదా తోడేలుదా ఎట్ల తెలుస్తాదక్కా?" అని ఒకడు అడిగాడు.

"కుక్కకు పనేముంది? దిక్కులు చూసుకుంటా వంకరటింకరగా పోతాది. తోడేలు పని మీద పోతాది. అడుగులో అడుగేసుకోని దారం పట్టి గీసినట్టు పోతాది. ముందర గోర్లు మన్నులోకి దిగింటాయి, చూసుకో."

"గాలి సంగతి?"

"గాలి నీ మొగానికి కొట్టల్ల. ఈపుకు కొడతాంటే ఆ పొద్దు ఇంటికి పోయి పండుకో. సబ్బు రుద్దుకోని సెంటు పూసుకోని వస్తే నీ పెండ్లానికి బాగుంటాది గానీ, తోడేలు పక్క మండలానికి పోతాది."

అందరూ పకపకా నవ్వారు. ఆమె మాటకారి, ఆ మాట ఒప్పుకోవాలి. తోడేలు మనిషికి ఎదురు తిరిగితే ఏం చేయాలని ఇంకొకడు అడిగితే మాత్రం నవ్వు ఆపి చెప్పింది.

"మంచి తోడేలు మనిషిని చూస్తే పారిపోతాది. మూల చిక్కితేనే మీదికొస్తాది. పట్టపగలు తానే మనిషికి ఎదురొచ్చిందంటే అది మంచిది కాదు. దాంతో పెట్టుకోవద్దు. గొర్రె పోతే పాయ, వచ్చేయండి."

ఈ మాట ఆమె నోటి నుంచే వచ్చింది. నా చెవులతో నేను విన్నాను.

సుధ మొగుడు గోపిది చిలమకూరు. వాళ్ల నాయన సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలెత్తేవాడు. గోపి ఎర్రగుంట్లలో ఆటో తోలేవాడు. దూరపు చుట్టాలే గానీ గొర్రెల మొహం చూసి తరాలు దాటిన ఇల్లు. ఒక్కతే కూతురని ఇల్లరికం తెచ్చుకుంది ఆదిలక్ష్మమ్మ. తెచ్చుకున్న రోజు నుంచీ అల్లుణ్ణి "సిమెంటోడు" అని పిలిచింది. గొర్రె కాలు పట్టుకోవడం రాలేదని ఒక రోజు, పాలు మరిచిన గొర్రెపిల్లకు తల్లిని చూపించలేకపోయాడని ఒక రోజు, ఊరంతా వినేటట్టు నవ్వేది. తోడేలును చంపనివాడికి మంద కట్టె ఇవ్వనని మొదటే చెప్పేసింది. మంద కట్టె అంటే కాపరుల పెద్ద నలుగురిలో చేతికిచ్చే కర్ర. అది చేతికొస్తేనే ఆ ఇంటి మందకు యజమాని. రానంత వరకు గోపి ఆ ఇంట్లో జీతగాడి కింద లెక్క. చివరి పంక్తిలో తినాలి, కూరలో ఉప్పు తక్కువైందని కూడా అనకూడదు.

"బిడ్డ పుట్టేలోపల కట్టె తీసుకోవల్లక్కా," అన్నాడు నాతో ఒకసారి. "నా బిడ్డ కూడా నన్ను సిమెంటోడనే అంటాది లేకపోతే."

నేర్పడం కూడా ఆమె తన పద్ధతిలోనే నేర్పింది. వంకలో తోడేలు బొరియ కనిపెట్టి అల్లుణ్ణి తీసుకుపోయింది. బొరియ తవ్వించి పిల్లల్ని బయటికి తీయించింది. ఇంకా కళ్లు కూడా సరిగా తెరవని పిల్లలు. ఒకదాన్ని బొరియ ముందు మేకుకు కట్టి, దాని కాలి మీద తన కాలు పెట్టి తొక్కింది. అది అరిస్తేనే తల్లి వస్తుందట. మిగిలిన వాటిని గోపితోనే బండకు కొట్టించింది. తల్లి తోడేలు వచ్చింది. ఈటె ఎత్తి పట్టుకున్న గోపి దాని మొహం చూసి చెయ్యి దించేశాడు. ఆదిలక్ష్మమ్మే దాన్ని పొడిచింది. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా గోపి వాంతి చేసుకున్నాడు. ఆ రాత్రి నుంచి "సిమెంటోడు" పోయి "కక్కులోడు" అయ్యాడు.

ఇక కాపరుల కట్టుబాటు ఒకటి చెప్పాలి. తోడేలు కరిచిన మనిషిని వాళ్లు తోడేలు నోరు పడినవాడు అంటారు. అతను వానలు పడేదాకా మందలో అడుగు పెట్టకూడదు. అతని ఇంటి గొర్రెలు ఉమ్మడి మందలో కలవకూడదు. ఆ నోటి వాసనకు చూలు గొర్రెలు పిల్లల్ని పడేస్తాయనీ, మిగతా తోడేళ్లు వాసన పట్టి వస్తాయనీ అంటారు. కరిచిన మనిషికి పిచ్చి ఎక్కుతుందేమోనని దూరంగా ఉంచి చూడడానికి వెనకటివాళ్లు పెట్టినదని నా అనుమానం. వాళ్ల బుద్ధి మంచిదే. వీళ్ల చేతికొచ్చేసరికి అది సిగ్గుపడే సంగతి అయి కూర్చుంది. శనగ కోతలు అయ్యాక మా పక్క మేత ఉండదు. కాపరులంతా గొర్రెల్ని కలిపి పులివెందుల వైపు చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, ఎరువు కోసం మంద కట్టడానికి పోతారు. ఆ ఉమ్మడి మందలో కలవనివాడి గొర్రెలు ఇక్కడ డొక్కలెండి చావాల్సిందే.

ఆ ఏడు ఉమ్మడి మంద కదలబోయే ముందు గోపి తోడేలును చంపాడు. ఎండెక్కిన పొద్దు, కోసిన శనగ చేలో. ఒక్కడే ఉన్నాడు, తోడుగా కుక్క ఉంది. ఊరంతా వాళ్లింటి ముందు చేరింది. నేనూ పోయాను. కట్టెకు వేలాడదీసిన తోడేలు నోటి నుంచి ఇంకా సొంగ కారుతోంది. గోపి తలగుడ్డ చేతికి చుట్టుకుని ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"నేను ఎతకనే లేదు మామా," అని కాపరుల పెద్ద మద్దిలేటికి చెబుతున్నాడు. "అదే వచ్చింది నా మీదికి. కుక్క అడ్డం పోతే కుక్కను కొరికింది. కట్టెతో కొడితే కూడా పారిపోల్యా. మళ్లా మళ్లా వచ్చింది. ఈటె దిగినాక కూడా కట్టెను కొరుకుతానే ఉండాది!"

నేను గబుక్కున ఆదిలక్ష్మమ్మ వైపు చూశాను. ఆమె మొహంలో నవ్వు ఆగిపోయి ఉంది. ఒక్క క్షణమే. మళ్లీ నవ్వి, "నా అల్లుడు మొగోడప్పా!" అంది. పెళ్లయ్యాక ఆమె నోటి నుంచి అతనికి దక్కిన మొదటి మంచి మాట అది. గోపి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ సాయంత్రమే మద్దిలేటి అతని చేతికి మంద కట్టె ఇచ్చాడు.

మరుసటి రోజు గోపి మా ఇంటికి వచ్చాడు, కట్టు కట్టమని. కంచె తీగ గీసుకుందన్నాడు. తలగుడ్డ విప్పి చూశాను. మణికట్టు మీద పైనా కిందా లోతుగా దిగిన పళ్లు.

"తీగకు పళ్లుంటాయా గోపీ?"

అతను చెయ్యి వెనక్కి లాక్కోబోతే గట్టిగా పట్టుకున్నాను. సబ్బుతో, ధారగా పోసిన నీళ్లతో కడుగుతూనే చెప్పాను. పిచ్చి పట్టిన జంతువు కరిస్తే సూదులు ఒక్కటే దారి అనీ, పిచ్చి మనిషికి ఎక్కాక దేవుడు కూడా ఏమీ చేయలేడనీ, ఎక్కేలోపల వేయించుకుంటే ఏమీ కాదనీ చెప్పాను.

"ఆసుపత్రిలో తోడేలని చెప్పొద్దు. కుక్క కరిచిందను. ఎవరడుగుతారు? ఇప్పుడే నా ఎంబడి రా, జమ్మలమడుగు పోదాం."

"జమ్మలమడుగులో ఎవరో ఒకరు చూస్తారక్కా. గొర్రెలోళ్లంతా ఆడికే వస్తారు. సూదులేపించుకున్నాడని తెలిస్తే కట్టె ఎనక్కి తీసుకుంటారు."

"అయితే ప్రొద్దుటూరు పోదాం. అక్కడ నీ మొహం ఎవరికీ తెలీదు."

అతను ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, అత్తతో చెప్పి వస్తానని ఇంటికి పోయాడు. ఎంతసేపటికీ రాకపోతే నేనే పోయాను. వసారాలో ఆదిలక్ష్మమ్మ నాకు ఎదురొచ్చింది. గోపి వెనక స్తంభానికి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"నా ఇంటి మగోణ్ణి యాడికి తీసుకపోతాండావు మే?"

"ఆదెక్కా, ఆ తోడేలు పిచ్చిది. పగటి పూట ఎదురొచ్చే తోడేలు మంచిది కాదని నువ్వే కదా చెప్పినావు!"

"చెప్పినా. కొత్తోళ్లకు భయముండల్లని నూరు చెప్తా." ఆమె రవిక చెయ్యి పైకి జరిపి జబ్బ చూపింది. పాత గాయం, పళ్ల వరస, చర్మం ముడతపడి తెల్లగా ఉంది. "చూడు. నా మొదటి తోడేలు ఇది. నన్నూ కొరికింది. మొగునికి గూడా చెప్పల్యా, కాగు తగిలి కాలిందని చెప్పినా. సూదీ లేదు, మందూ లేదు. చచ్చినానా? నీ ఎదురుగ్గా నిలబడుండానా లేదా?"

"నిన్ను కరిచింది ఆకలిగొన్న తోడేలు. ఇతన్ని కరిచింది పిచ్చిది. రెండూ ఒకటేనా?"

"నోర్ముయ్ మే! మీ పేటోళ్లకు మా మందల సంగతేం తెలుసు? ఈ మాట బయటికి పొక్కిందో, నా గొర్రెలన్నీ నీ ఇంటి ముందర కట్టేసి పోతా. నువ్వే మేపు." తర్వాత అల్లుడి వైపు తిరిగింది. "ఏమప్పా కక్కులోడా, పో. పోయి సూదులు పొడిపించుకో. కట్టె నాకిచ్చేసి పో."

గోపి నా మొహం చూశాడు, అత్త మొహం చూశాడు. మూలకు ఆనించిన మంద కట్టెను చూశాడు.

"పులివెందుల నుంచి తిరిగొచ్చినాక ఏపించుకుంటాలేక్కా," అన్నాడు.

నేను సుధ కాళ్లావేళ్లా పడ్డాను. ఆ పిల్ల ఏడ్చింది, మొగుణ్ణి బతిమాలింది. అతను సరే సరే అంటూనే మందతో కదిలిపోయాడు. ముందు మద్దిలేటి, పక్కన కట్టె పట్టుకుని గోపి. పేట చివర నిలబడి చూశాను. నన్ను చూసి కట్టె పైకెత్తి ఊపాడు. ఆ సంతోషం చూస్తే తిట్టడానికి కూడా నోరు రాలేదు. వారానికోసారి ఫోన్ చేసి పులివెందులలోనే సూదులు వేయించుకోమని పోరేదాన్ని. రేపు, ఎల్లుండి అనేవాడు. తర్వాత నా నంబరు చూస్తే ఎత్తడం మానేశాడు. గాయం మానిపోయిందని సుధ చెప్పింది. ఆదిలక్ష్మమ్మ వీధిలో ఎదురైనప్పుడల్లా, "ఏం మే, మా అల్లుడు కరుస్తాండాడేమో పోయి చూడకపోతివా?" అని నవ్వేది.

సుధకు నెలలు నిండుతుండగా బీపీ చూడ్డానికి పోయాను. వసారాలో కూర్చున్నాక ఏదో లోటు అనిపించింది. నన్ను చూస్తే గొలుసు తెంపుకునేంతగా మొరిగే కుక్క గొంతు వినపడలేదు.

"కుక్క ఏమైంది సుధా?"

సుధ లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మంద పోయిన కొన్నాళ్లకే సచ్చిపాయ అక్కా. గోడను కొరుకుతా ఉన్నింది. నీళ్ల తొట్టి చూస్తే వణికేది. మా అమ్మ గడ్డపారతో కొట్టి చంపి పెంటదిబ్బలో పూడ్చింది. ఎవరికీ చెప్పొద్దనింది."

ఆ కుక్కను కరిచింది ఆ తోడేలే. కుక్క చచ్చి అన్ని రోజులైంది. ఆ రోజే గోపిని వెనక్కి పిలిచి ఉంటే సూదులు పని చేసేవి. ఆమె పిలవలేదు. సుధ ఫోన్ లాక్కుని అతనికి చేశాను. ఎత్తాడు.

"సుధా..." అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. "ఏందో, నీళ్లు మింగబోతే గొంతు పట్టేస్తాంది. చెయ్యి తిమ్మిరెక్కి మంటగా ఉండాది. గాలికి కూర్చోలేకుండా ఉండా."

ఏమని చెప్పాలి? ఏం చెప్పినా ఏం లాభం?

ఆటోలో ముగ్గురం పోయాం. సుధ, నేను, ఆదిలక్ష్మమ్మ. పులివెందుల అవతల చీనీ తోటలో చెట్టు కింద గోపి దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఆకు కదిలితే ఉలిక్కిపడుతున్నాడు. కాపరులు దూరంగా కట్టెలు పట్టుకుని నిలబడ్డారు. మనిషిని కాపలా కాసినట్టు లేదు అది, తోడేలుకు కాపేసినట్టుంది. మద్దిలేటి ముందుకొచ్చాడు.

"ఆదెక్కా, ఈడు నీళ్ల కుండ చూస్తే అరుస్తాండాడు. ఏం కరిచింది ఈణ్ణి?"

"కుక్క," అంది ఆదిలక్ష్మమ్మ. తడుముకోకుండా అంది.

"యా కుక్క?"

ఆమె జవాబు చెప్పేలోపల సుధ అరిచింది. "తోడేలు! తోడేలే కరిచింది మామా. కట్టె తీసుకున్న పొద్దే కరిచింది. మా అమ్మకు తెలుసు. మా కుక్కకు పిచ్చెక్కితే చంపి పూడ్చింది. అప్పుడూ తెలుసు. మీ గొర్రెల్లో మా గొర్రెలుంటే తీసి పారేయండి!"

మద్దిలేటి ఉమ్మేసి వెనక్కి తిరిగాడు. కాపరులు అక్కడికక్కడే ఆదిలక్ష్మమ్మ గుర్తున్న గొర్రెల్ని విడదీయడం మొదలుపెట్టారు. అవి మంద వదలక అరుస్తుంటే కట్టెలతో బాది బయటికి తోలారు. ఆదిలక్ష్మమ్మ అల్లుణ్ణి వదిలిపెట్టి గొర్రెల వెనక పరుగెత్తింది. నేను చూస్తుండగానే పరుగెత్తింది. నూటెనిమిది బండి వచ్చి గోపిని ఎక్కించుకున్నప్పుడు ఆమె అక్కడ లేదు.

పెద్దాసుపత్రిలో అతన్ని వేరే గదిలో, ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, మంచానికి కట్టేశారు. చేయగలిగింది ఏమీ లేదని డాక్టరు మెల్లగా చెప్పాడు. నిద్రకు మందిస్తామన్నాడు. మందు తగ్గినప్పుడల్లా గోపికి తెలివి వచ్చేది. అది ఆ జబ్బు చేసే పాపం. మనిషికి అన్నీ తెలుస్తూనే ఉంటాయి.

మరుసటి రోజు ఆదిలక్ష్మమ్మ వచ్చింది. చీర నిండా దుమ్ము. గొర్రెల్ని ఎవరి తోటలోనో దిగబెట్టి వచ్చిందట. గోపి నోటి నుంచి కారుతున్న సొంగను కొంగుతో తుడిచింది. అంతసేపూ ఏడుస్తున్న సుధ తల్లి మీదికి లేచింది.

"కుక్క సచ్చిన పొద్దే ఈయన్ను యాల పిలవల్యా?"

"మంద అప్పటికే పోయింది మే. నడిదావలో పిలిస్తే ఎందుకని అడగరా? ఈ పొద్దు జేసిందే ఆ పొద్దు జేస్తారు. గొర్రెలన్నీ రోడ్డు పాలైతాయి."

"గొర్రెల కోసరమా?"

"గొర్రెల్లేకుంటే నీ కడుపులో దానికేం పెడతావు? నేను బతకల్యా? ఈడూ బతుకుతాడనుకున్యా."

గోపి కళ్లు తెరిచే ఉన్నాయి. అన్నీ విన్నాడు. సుధ ఏడుస్తూ మంచం దగ్గరికి వంగితే తల అటు తిప్పేసుకున్నాడు.

"దగ్గరికి రావాక సుధా. నా నోరు నీ మీద పడకూడదు." మాట మాటకూ గొంతు బిగుసుకుంటోంది. అత్త వైపు చూశాడు. "అత్తా, ఆ కుక్కకైతే ఒక్క దెబ్బ ఏసినావు. నాకు అది గూడా ఎయ్యకపోతివే."

ఆదిలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో లేదో నాకు తెలీదు, నేను చూడదలుచుకోలేదు. తెల్లారేసరికి గోపి పోయాడు. చివరి గంటల్లో అతను చేసిన శబ్దాల గురించి నేను రాయను. మా ఇంట్లో ఎవరైనా గట్టిగా దగ్గినా ఇప్పటికీ లేచి కూర్చుంటాను.

సుధ తల్లి గడప తొక్కలేదు. చిలమకూరుకు, అత్తమామల దగ్గరికి పోయింది. బిడ్డ అక్కడే పుట్టింది. గోపి నాయన ఇప్పుడూ బస్తాలెత్తుతున్నాడు, ఆ కూలితోనే ఆ ఇల్లు గడుస్తోంది. ఆదిలక్ష్మమ్మ గొర్రెలు మేత లేక కొన్ని, దారిలో లారీల కింద కొన్ని పోయాయి. తోడేళ్ల వేట నేర్చుకుంటామని ఆమె దగ్గరికి ఎవరూ రావడం లేదు.

ఒక్క సంగతి మిగిలింది. అతని సొంగ తగిలినవాళ్లంతా సూదులు వేయించుకోవాలని డాక్టరు ఆ రోజే చెప్పాడు. సుధకు వేయించాను. నేనూ వేయించుకున్నాను. ఆదిలక్ష్మమ్మ సంగతి నేను అడగలేదు. ఆమెను పిలవడానికి నాకు మనసు రాలేదు, ఆమె ఎట్లాగూ రాదనుకున్నాను. గోపిని పూడ్చిన మరుసటి పొద్దున్నే మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయేసరికి, తలుపు ఇంకా తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉంది. కొంగుతో తుడిచిన వేలికి చిన్న గాటు ఉందట.

లోపల నర్సమ్మ ముందు రవిక చెయ్యి తానే పైకి జరిపింది. పాత గాయం మీద చూపు పడి నర్సమ్మ ఏం కరిచిందని అడిగితే, "తోడేలు," అని గట్టిగా చెప్పింది. బెంచీల మీదున్న వాళ్లంతా తిరిగి చూశారు. సూది దిగేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకుంది. అయ్యాక దూది ఒత్తి పట్టుకుని నా వైపు చూసింది.

"మళ్లా యా పొద్దు రావల్ల మే?"

నాకు ఆమె జుట్టు పట్టుకుని బయటికి ఈడ్వాలనిపించింది. తేదీ చెప్పాను. ఆ తేదీకి వచ్చింది. ఆ తర్వాతి తేదీకి కూడా వచ్చింది. ఒక్కటి కూడా తప్పలేదు.